కొండ ఎక్కే సైకిలు

చాలాకాలము విశాఖపట్టణములో సైకిలు అంటే పనివాని బండి. ఓడరేవుకు, నౌకానిర్మాణ కేంద్రమునకు, తరువాత ఉక్కు కర్మాగారమునకు డ్యూటీకి పోయేవారు అన్నపు క్యారియరు హ్యాండిలుకు తగిలించుకొని దానిమీదనే పోయేవారు. ఇప్పుడు అదే ఊరిలో సైకిలు ఒక సరదా కూడా అయినది. సెలవునాడు తెల్లవారకముందే లేచి సముద్రతీరపు రోడ్డున భీమునిపట్నము పోయేవారున్నారు. కైలాసగిరి, సింహాచలము కొండలు ఎక్కేవారున్నారు. ఇంకా ఓపిక గలవారు శృంగవరపుకోట దాటి, అనంతగిరి కాఫీతోటల మీదుగా అరకులోయ చేరుతారు.

కొండ రుచి మరిగినవానికి త్వరలోనే కొత్త సైకిలు మీద మనసు పోతుంది. ఒకటి తేలికైనది, ఒకదానికి గేర్లు ఎక్కువ, మరొకదానికి మంచి బ్రేకులు. వీటిలో దేనివలన ఎంత మేలు? కొంచెము లెక్క వేస్తే ఇది స్పష్టమవుతుంది.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. దారిలో వచ్చే అదనపు ఎక్కుడు దిగుడులను వదిలివేద్దాము. మనిషి 65 కిలోలు, సైకిలు 15 కిలోలు, మొత్తము 80 కిలోలు అనుకుందాము. ఈ బరువును 900 మీటర్లు ఎత్తుటకు చేయవలసిన పని దాదాపు 7 లక్షల జౌలులు. ఏ సైకిలు ఎక్కినా, దారి ఎన్ని మెలికలు తిరిగినా ఈ పని తప్పదు. కండరములు తాము ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలవు. మిగిలినది వేడిగా పోతుంది. అందువలన ఈ ఎత్తుకే సుమారు 670 కిలోకేలరీల ఆహారము ఖర్చవుతుంది. ఎక్కేటప్పుడు వేగము తక్కువ గనుక ఒంటికి గాలి తగలదు. సముద్రపు తేమవలన చెమట త్వరగా ఆరదు. కొండ మొదట్లోనే మనిషి తడిసి ముద్ద అగుటకు కారణమిదే.

ఇప్పుడు 15 కిలోల సైకిలుకు బదులు 10 కిలోల సైకిలు కొన్నాడనుకుందాము. ఎత్తవలసిన బరువు 80 నుండి 75 కిలోలకు తగ్గినది. అనగా మిగిలిన పని నూటికి ఆరు వంతులు మాత్రమే. లాభమే, కాని ధరలోని తేడాతో పోల్చితే చిన్నది. ఉక్కుతో పోల్చితే అల్యూమినియము బరువు ఘనపరిమాణమునకు మూడవ వంతే. అయితే దాని బిగువు కూడా దాదాపు మూడవ వంతే గనుక గొట్టములను లావుగా చేయవలసి వస్తుంది. కాబట్టి చట్రము బరువు మూడవ వంతుకు తగ్గదు.

కొండమీద నిజముగా ఆదుకొనేది గేరు. పదిహేను మీటర్ల దూరమునకు ఒక మీటరు లేచే రోడ్డు తీసుకుందాము. సామాన్యమైన సాధన గలవాడు కాళ్లతో 150 వాట్ల సామర్థ్యము నిలకడగా ఇవ్వగలిగితే, ఆ రోడ్డున గంటకు సుమారు 9 కిలోమీటర్ల వేగముతో ఎక్కుతాడు. గేర్లు లేని సైకిలుకు పెడలు దగ్గర 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నవనుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఆ వేగములో నిమిషమునకు 28 చుట్లే తిరుగుతాయి; పాదము సగటున 29 కిలోల బరువుతో నొక్కవలసి ఉంటుంది. ముందు 30, వెనుక 30 పళ్లు ఉన్న గేరులో ఒక చుట్టుకు 2.2 మీటర్లే పోతుంది. చుట్లు 68 అవుతాయి, పాదము నొక్కే బరువు 12 కిలోలకు తగ్గుతుంది. మొత్తము పని మాత్రము మారలేదు. బస్తా ధాన్యమును ఒకేసారి మోయక బుట్టలతో చేరవేసినట్లు, గేరు ఆ పనిని చిన్నచిన్న వాయిదాలుగా పంచినది. అంతకు మించి అది ఇచ్చే శక్తి ఏమియు లేదు.

ఈ సంగతి ప్రపంచము తొందరగా ఒప్పుకొనలేదు. ఫ్రాన్సు దేశపు మహాపందెములో 1910లోనే 2,115 మీటర్ల టూర్మలే కనుమను సైకిళ్లపై ఎక్కించారు. కాని నడుస్తూ గేరు మార్చే సాధనమును 1937 వరకు అనుమతించలేదు. అప్పటివరకు పోటీదారులు కొండ మొదట ఆగి, వెనుక చక్రము ఊడదీసి, రెండవ వైపున్న పళ్లచక్రము గొలుసుకు అందేటట్లు తిప్పి బిగించుకొనేవారు.

ఎక్కుట కష్టమే కాని ప్రమాదము తక్కువ. అసలు పరీక్ష దిగుటలో ఉన్నది. పైకి చేరినవాని వద్ద ఆ 7 లక్షల జౌలులు స్థితిజశక్తిగా నిలువ ఉన్నవి. క్రిందికి వచ్చేసరికి దానినంతటిని ఎక్కడో వదిలిపెట్టాలి. పైన చెప్పిన వాలులో బ్రేకు పట్టకుండా వదిలితే, గాలి నిరోధము సరితూగేసరికి వేగము గంటకు 45 కిలోమీటర్ల దాకా పోతుంది. మలుపు అవతల బస్సు, వానకు జారిన కంకర, చలికాలపు పొగమంచు ఉండే రోడ్డున అది ప్రాణాపాయము. వేగము రెట్టింపయితే ఆగుటకు పట్టే దూరము నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా నిలపాలంటే బ్రేకులు ఎడతెరిపి లేకుండా 200 వాట్లకు పైగా వేడిని మింగాలి. ఇది రెండు పాతకాలపు నూరు వాట్ల బల్బుల వేడితో సమానము.

ఈ వేడి మహిమ 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బయటపడినది. అక్కడి కుర్రవాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లపై ఒక కొండ దిగే పందెము పెట్టుకొన్నారు. వాటి బ్రేకు వెనుక చక్రపు బొడ్డులో ఉండేది. ఒక్కసారి దిగేసరికి అందులోని గ్రీజు కాలి పొగగా పోయేది. మరల కూరుకొంటే గాని పనికిరాదు. అందుకే ఆ పందెమునకు ‘రీప్యాక్’, అనగా తిరిగి కూరుట, అని పేరు వచ్చినది. నేటి మౌంటెన్ బైకు పుట్టుకలో ఆ పందెమునకు ముఖ్యస్థానము ఉన్నది.

రిమ్మును పట్టే బ్రేకులలో వేడి రిమ్ముకు, అక్కడినుండి ట్యూబుకు చేరుతుంది; మితిమీరితే ట్యూబు పేలవచ్చును. రిమ్ము తడిస్తే పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకులో వేడి విడిగా ఉన్న పళ్లెములో ఉండి గాలికి పోతుంది. కొండలకు పోయేవానికి తేలికదనము కన్న ఇది విలువైనది. అయినను దిగిన వెంటనే ఆ పళ్లెమును ముట్టుకొనరాదు.

దిగేటప్పుడు నిటారుగా కూర్చుంటే గాలి కొంత భారము మోస్తుంది. వేగమును మలుపులో కాక, మలుపుకు ముందు తిన్నని రోడ్డుమీదనే తగ్గించుకోవాలి. బ్రేకు పట్టినపుడు బరువు ముందు చక్రము మీదికి ఒరుగుతుంది గనుక ముందు బ్రేకుకు పట్టు ఎక్కువ. కాని అదొక్కటే గట్టిగా పడితే మనిషి ముందుకు బోర్లపడతాడు. రెండింటిని కలిపి, మెల్లగా పట్టాలి. కాలిన రబ్బరు వాసన వస్తే దిగి, చల్లారేవరకు ఆగాలి.

కొత్త సైకిలు కొనలేనివారు కొండను వదులుకొననక్కరలేదు. పాత సైకిలుకు వెనుక 18 పళ్ల చక్రము తీసి 22 పళ్లది వేయిస్తే పాదము నొక్కే బరువు అయిదింట ఒక వంతు తగ్గుతుంది. దానితోపాటు కొత్త బ్రేకు రబ్బర్లు, కొత్త బ్రేకు తీగలు వేయించుకోవాలి. వీటికయ్యే ఖర్చు స్వల్పము. ముందుగా కైలాసగిరి వంటి చిన్న కొండమీద ఎక్కి, దిగి, బ్రేకులను సరిచూసుకొని, ఆ తరువాతనే అనంతగిరి ఘాటు మాట తలపెట్టుట మంచిది.