తెర మీద ముఖాముఖి

బల్ల మీది కంప్యూటరులో, ఎక్కడో అమెరికాలో ఉన్న మామయ్యను చూస్తూ మీరు మాట్లాడే ఉంటారు. మీ కంప్యూటరు ఒక కంపెనీది, ఆయనది మరొక కంపెనీది. అయినా ఇక్కడి బొమ్మ అక్కడ చక్కగా కనిపిస్తుంది. ఎలాగంటారు?

ముందు చిన్న లెక్క చేద్దాం, పెన్సిలు తీసుకోండి. ఒక బొమ్మను అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలుగా విడదీశామనుకోండి. మొత్తం 1,01,376 చుక్కలు. రంగుల వివరం కొంత తగ్గించుకున్నా చుక్కకు సగటున 12 బిట్లు కావాలి. సెకనుకు 30 బొమ్మలంటే దాదాపు 3 కోట్ల 65 లక్షల బిట్లు! డిజిటల్ టెలిఫోనులో ఒక సంభాషణకు ఇచ్చిన దారిలో సెకనుకు పోయేవి 64 వేలే. అంటే బొమ్మను 570 రెట్లు కుదించాలన్నమాట.

మీరు మాట్లాడేటప్పుడు కదిలేవి పెదవులు, కళ్లు, కాస్త తల. వెనక గోడ కదలదు గదా! దాన్ని మళ్ళీ మళ్ళీ పంపటం దండగ. అందుకని బొమ్మను 16 చుక్కల చదరపు గళ్లుగా కోసి, 'ఈ గడి మారలేదు', 'ఈ గడి రెండు చుక్కలు కుడికి జరిగింది' అని మాత్రం చెబుతారు. మిగిలిన తేడాల్లో కంటికి ఆనని సన్నని వివరాలను వదిలేస్తారు.

1980 దశకంలో ఈ కుదింపును ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క విధంగా చేసేది. ఒకరి యంత్రం పంపింది మరొకరి యంత్రానికి అర్థమయ్యేది కాదు. రెండు చివర్లా ఒకే కంపెనీ యంత్రం కొనవలసిందే. చివరకు టెలిఫోను వ్యవహారాల అంతర్జాతీయ సంఘం సీసీఐటీటీ 1990లో హెచ్.261 అనే ప్రమాణాన్ని ఖాయం చేసింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో యూరప్‌లో చాలాచోట్ల, మన దేశంలోనూ టీవీ బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా, జపానులలో 525 గీతలు, సుమారు 30 బొమ్మలు. ఎవరి మాట నెగ్గాలి? 288 అన్న లెక్కను మొదటివారి నుంచి, సెకనుకు 30 అన్న వేగాన్ని రెండోవారి నుంచి తీసుకున్నారు. మార్పుల శ్రమ ఇద్దరికీ తప్పలేదు! పైగా ప్రమాణంలో నిర్ణయించింది బొమ్మను విప్పే పద్ధతినే. కుదించే నేర్పు తయారీదారుల తెలివికే వదిలారు.

1992లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకింటాష్ కంప్యూటర్లకు 'సీయూ-సీమీ' అనే ప్రోగ్రాం తయారయింది. నలుపు తెలుపు బొమ్మ. మొదట్లో మాట కూడా వినపడేది కాదు!

కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కుల కోసం 1996లో హెచ్.323 ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం మాట తప్పనిసరి, బొమ్మ మాత్రం ఉంటే ఉండవచ్చు, లేకుంటే లేదు. ఉన్న యంత్రానికి మాత్రం హెచ్.261 పద్ధతిలో 176 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తుగల చిన్న బొమ్మయినా తెలిసి ఉండాలి. ఆ తరవాత 2003లో వచ్చిన హెచ్.264 ఇంకా బాగా కుదిస్తుంది. గళ్లుగా కోసి, ఏది ఎటు జరిగిందో చెప్పే ఉపాయం అందులోనూ ఉంది.