మన్యపు వేఁటకుక్కలు: పక్షులును గుందేళ్లును

వేఁటకుక్క యను నొక్క మాటలోఁ బెక్కు పను లిమిడియున్నవి. అమరకోశమున శునకపర్యాయములలో మృగదంశకమను పేరు కలదు; మృగయాకుశలమైన శునకమునకు విశ్వకద్రువని వేఱొక పేరు చెప్పఁబడినది. తెలుఁగున జాగిలమను పద మట్టిదే. పండ్రెండవ శతాబ్దమున మూఁడవ సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమున సారమేయవినోదమను ప్రకరణమే యున్నది. ధూర్జటి తిన్నని వేఁటను, పెద్దన స్వరోచి వేఁటను విపులముగ వర్ణించిరి. ఐనను పైపదము లేవియుఁ గుక్క యే రీతిని వేఁటాడునో తెలుపవు. తఱిమి పట్టు కుక్కయు, వాసనఁ గొని నిలిచి మృగమున్న తావును జూపు కుక్కయు నొక్క పేరనే వ్యవహరింపఁబడుచున్నవి. ఈ రెంటి భేదము తెలిసినఁ గాని మన్యపు వేఁట తీరు బోధపడదు.

నిలిచి చూపు కుక్కలు ఐరోపాఖండమునఁ బాయింటరు, సెట్టరు మున్నగు పేళ్లతోఁ బ్రసిద్ధములు. పొదలో నణఁగియున్న పక్షి వాసన తగిలినతోడనే యిట్టి కుక్క మొఱుగక, దుముకక, ముక్కు నా దిక్కునకుఁ జాచి కొయ్యబొమ్మవలె నిలుచును. పెక్కుమాఱులు ముందుకా లొకటి యెత్తియుండును. 1570వ సంవత్సరమున జాన్ కేయస్ అను నాంగ్లేయ వైద్యుఁడు తమ దేశపు కుక్కలను గూర్చి లాటినుభాషలో వ్రాసిన గ్రంథమున నిట్టి కుక్కను ఇండెక్స్ అని పేర్కొనెను. ఆ పదమునకు సూచకమని యర్థము. సంస్కృతనిఘంటువులందు సూచకశబ్దమునకుఁ గుక్క యను నర్థమును గలదు. కావున నీ జాతికి సూచకశునకమను పేరు చక్కఁగ నొప్పును. తుపాకి వాడుక వ్యాపింపకమున్ను పక్షులపై వల కప్పుటకే యీ కుక్క లక్కఱకు వచ్చెడివి.

ఇఁక సూచకశునకము కుందేటికిఁ బనికివచ్చునా యను ప్రశ్న. తెలుఁగునఁ గుందేలను పేరు రెండు జంతువులకుఁ జెల్లుచున్నది. ఇండ్లలోఁ బెంచునది బొరియలు త్రవ్వు సీమజాతి. మన యడవులలోని చెవులపిల్లి బొరియ త్రవ్వదు. అది గడ్డిలో నొక చిన్న పల్లము చేసికొని, చెవులు వీఁపున కదిమి, తన మేనివన్నెనే నమ్మి కదలక పడియుండును. మనుష్యుఁడు మీఁదికి వచ్చువఱకు లేవదు. కౌజు, పూరేడు చేయునదియు నిదియే. కావున ముక్కుతో వెదకు కుక్కకుఁ గుందేలును బక్షియు నొక్క విధముగనే దొరకును. నిలిచి చూపుటకుఁ గ్రొత్తవిద్య యక్కఱలేదు.

చిక్కు పిమ్మటఁ గలుగును. పక్షి యెగిరిపోయినఁ గుక్కకుఁ జేయఁగలది లేదు. కుందేలు కన్నులయెదుటనే నేలపైఁ బరుగెత్తును. దానిని వెంటాడుట శునకమునకు సహజగుణము. ఒకమాఱు తఱుముటకు మరగిన కుక్క నిలుచుట మఱచి, పొదలలోని పక్షుల నన్నిటిని ముందే లేపివేయును. అందువలన నింగ్లాండున నొక్కొక్క పని కొక్కొక్క జాతిని బెంచి, సూచకశునకము కుందేటిని వెంటాడకుండ శిక్షించిరి. జర్మనుదేశమున నొక వేఁటకాఁ డొక్క కుక్కతోడనే యన్ని పనులును జరుపుకొనుట వాడుక. కాఁబట్టి పక్షులను గుందేళ్లను గూడఁ జూపుటకును, గాయపడినదాని జాడఁబట్టి తెచ్చుటకును దగిన జాతులను బందొమ్మిదవ శతాబ్దమున వారు వృద్ధిచేసిరి. ఈ భేదము కుక్క శక్తినిబట్టి కాక వేఁటకాని యవసరమునుబట్టి యేర్పడినది.

తూర్పుకనుమలలోఁ జూచినను నీ న్యాయమే కనఁబడును. అరకులోయ, యనంతగిరి ప్రాంతముల బగతలు, కొండదొరలు, పోర్జలు, కోటియాలు, వాల్మీకులు మున్నగువారి పల్లెలలోనిది నాటుకుక్కయే. అది నిలిచి చూపదు, మొఱుగుచుఁ దఱుమును. ఏటవాలు కొండలలో, దట్టమైన పొదలలో, బలువురు వరుసగఁ గూడి మృగమును దోలు వేఁటలో మౌనముగ నిలిచిన కుక్క యెవరికిఁ గనఁబడును? మొఱిగెడి కుక్కయే మృగము పాఱిన దిక్కును దెలుపును. బయలునేలపై నొంటరిగఁ దుపాకితో నడచువానికి సూచకశునకము. వింటితోను, గొడ్డలితోను గుంపుగఁ బోవువారికి నాటుకుక్క. అడవికోడి, జిట్టకోడి, కౌజు మున్నగు పక్షుల తెలుఁగుపేళ్లను 1862-64 సంవత్సరములలోఁ బ్రకటించిన తన గ్రంథమున జెర్డన్ పండితుఁడు చేర్చెను. కుక్కల పనికి సంబంధించిన మాటల నట్లు కూర్చినవా రరుదు.

ఈ ప్రాంతమునఁ జైత్రమాసమున జరుగు ఇటుకల పండుగలో వేఁట ప్రధానాంగము. పురుషులు గుంపులుగ నడవికిఁ బోవుదురు. స్త్రీలు దారుల కడ్డముగఁ గఱ్ఱ కట్టి బాటసారులయొద్ద కానుకలు గైకొందురు. విత్తనములకుఁ బూజ జరుగుటయు నీ పండుగలోనిదే. గోదావరీతీరపు కోయలలోను విత్తనముల పండుగకు వేఁటతో సంబంధము కలదు. కావున నిచ్చటి వేఁట యాహారమునకు మాత్రమే కాక వ్యవసాయారంభమునకుఁ జేరిన యాచారముగ నెన్నవలెను.

ఐనను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనమును, దానికి 1991లోఁ జేసిన సవరణయు వేఁటను నిషేధించినవి. అడవిబిడ్డల హక్కులను గుర్తించిన 2006వ సంవత్సరపు శాసనముసైతము పరంపరాగతమైన వేఁటహక్కును మినహాయించినది. అడవి తఱిగి మృగములు క్షీణించిన కాలమున నీ కట్టడి యవసరమే. కాని వేఁట మానినచోఁ దత్సంబంధమైన భాషయు మాయును. వాసన పట్టుట, జాడ తప్పుట, పొద చుట్టుట మున్నగు శునకచేష్టలకుఁ గువి, గదబ, పోర్జ భాషలలోను, మన్యపుఁ దెలుఁగునను వృద్ధులు వాడు మాటలను వారి నోటనే విని వ్రాసికొనవలెను. గిడుగు రామమూర్తి సవరభాషకుఁ జేసిన సేవ యిందులకు మార్గదర్శకము. మృగమునకు హాని లేకయే దక్కించుకొనఁదగిన వేఁట యిదియొక్కటియే. ఆ కొండలకుఁ జేరువనున్న పాఠశాలల పండితులు దీనికిఁ బూనుకొనుట యుక్తము.