4.5 పునరుద్ధరణ ఉష్ణోగ్రత తగ్గినప్పుడు దోషాన్ని గుర్తించడం

గాలిని ద్రవీకరించి ఆక్సిజన్, నైట్రోజన్‌లను వేరుచేసే కర్మాగారాల్లో, గాలిని బాగా చల్లబరచడానికి ముందే అందులోని నీటి ఆవిరిని, కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించాలి. లేకపోతే అవి ఉష్ణ వినిమయకంలో గడ్డకట్టి మార్గాలను మూసివేస్తాయి. ఇందుకు మాలిక్యులర్ సీవ్ అనే అధిశోషకం నింపిన రెండు పాత్రలను వాడతారు. ఒకటి గాలిని శుద్ధి చేస్తుండగా, రెండోదాన్ని వేడి వ్యర్థ నైట్రోజన్‌తో పునరుద్ధరిస్తారు.

ఉష్ణోగ్రత వక్రం

గాలి ప్రవహించిన దిశకు వ్యతిరేకంగా వేడి నైట్రోజన్‌ను పంపుతారు. మొదట దాని వేడిలో ఎక్కువ భాగం నీటిని విడిపించడానికే ఖర్చవుతుంది. అందువల్ల బయటికి వచ్చే వాయువు ఉష్ణోగ్రత చాలాసేపు పెద్దగా పెరగదు. తరువాత హీటర్ ఆపి చల్లని నైట్రోజన్ పంపినప్పుడు, పాత్రలో మిగిలిన వేడి ముందుకు కదిలి బయటపడుతుంది. నిర్గమ ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరేది సాధారణంగా అప్పుడే. వేడి పాత్ర చివరిదాకా చేరిందనడానికి ఈ గరిష్ఠ విలువే సాక్ష్యం. హీటర్ వద్ద కనిపించే ఉష్ణోగ్రత కాదు.

దోషాన్ని వెతికే క్రమం

ఈ గరిష్ఠ విలువ మామూలు కంటే తగ్గిందనుకోండి. మొదటి ప్రశ్న: ఒక పాత్రలోనే తగ్గిందా, రెండింటిలోనా? ఒకదానిలోనే అయితే దాని వాల్వులను, ఉష్ణోగ్రతామాపకాన్ని, ఇన్సులేషన్‌ను పరీక్షించాలి. గాలి ప్రవేశించే వాల్వు సరిగా మూసుకోకపోతే చల్లని గాలి నిర్గమ వాయువులో కలిసి ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. రెండింటిలోనూ అయితే హీటర్ ఉష్ణోగ్రత, నైట్రోజన్ ప్రవాహ రేటు, వేడిచేసే సమయం అనే ఉమ్మడి అంశాలను చూడాలి.

ఇవన్నీ సరిగానే ఉంటే లోపలికి వచ్చే గాలిని గమనించాలి. నీటి సంతృప్త బాష్పపీడనం 10 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.23 కిలోపాస్కల్‌లు, 20 డిగ్రీల వద్ద 2.34 కిలోపాస్కల్‌లు. అంటే చిల్లర్ పనితీరు తగ్గి గాలి 10 డిగ్రీలకు బదులు 20 డిగ్రీల వద్ద వస్తే, పాత్ర మీద నీటి భారం దాదాపు రెట్టింపవుతుంది. మునుపటి వేడి దానికి చాలదు. దోషం చిల్లర్‌లో ఉండగా హీటర్‌ను విప్పి చూడటం వృథా శ్రమ.

నిర్లక్ష్యం చేస్తే

మాలిక్యులర్ సీవ్ కార్బన్ డయాక్సైడ్ కంటే నీటిని బలంగా పట్టి ఉంచుతుంది. మిగిలిన నీరు చక్రం తరువాత చక్రం పేరుకుని, ఆ వాయువుకు చోటు లేకుండా చేస్తుంది. పాత్రను దాటిన కార్బన్ డయాక్సైడ్, ద్రవ ఆక్సిజన్ మరిగే సన్నని మార్గాలను మూసివేస్తే, అక్కడ హైడ్రోకార్బన్‌లు గాఢమై పేలుడుకు దారితీయవచ్చు.

స్వయం మదింపు ప్రశ్న: హీటర్ ఉష్ణోగ్రత, ప్రవాహ రేటు, సమయం మారలేదు, రెండు పాత్రల్లోనూ గరిష్ఠ ఉష్ణోగ్రత తగ్గింది. మీరు ముందుగా ఏ పరికరాన్ని పరీక్షిస్తారు? ఎందుకు?