ఎవరండీ... తలుపు తట్టింది?

కొత్త స్టీలు గిన్నె కొంటే దుకాణంలోనే దానిమీద పేరు కొట్టించుకోవడం మనకు అలవాటు. పెళ్లింట్లో పదిళ్ల గిన్నెలు కలిసిపోయినా మనది మనకు దొరకాలి కదా! కంప్యూటర్ల లోకంలోనూ అచ్చం ఇలాంటి చిట్కా ఒకటుంది. పైసా ఖర్చు లేదు.

కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు... ఈ వివరాలన్నీ ఉండేది డేటాబేస్‌లో. వాటిని అడిగే ప్రతి ప్రోగ్రామూ ముందుగా ఓ 'కనెక్షన్' తెరవాలి. దానికో హద్దుంటుంది. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌నే తీసుకుంటే, మనం మార్చకపోతే ఆ హద్దు సాధారణంగా 100. ఏదో ఒక ప్రోగ్రాము కనెక్షన్లు తెరిచి మూయడం మరిచిపోయిందనుకోండి... చోటంతా నిండిపోతుంది. కౌంటర్లో 'సర్వర్ డౌనండీ' అన్న మాట వినపడుతుంది. వరుసలో నిలబడ్డవాళ్లు ఉసూరుమంటారు.

అలాంటప్పుడు కూడా నిర్వాహకుడు లోపలికి వెళ్లేందుకు పోస్ట్‌గ్రెస్ 3 కనెక్షన్లు అట్టేపెడుతుంది. అక్కడ 'పీజీ స్టాట్ యాక్టివిటీ' అనే పట్టిక చూస్తే ఎవరెవరు ఉన్నారో, ఎప్పట్నుంచి ఉన్నారో తెలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే. అన్ని ప్రోగ్రాములూ ఒకే యూజర్ పేరుతో, ఒకే యంత్రం నుంచి వస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. పోనీ, మొత్తం ఆపేసి మళ్లీ మొదలెడదామా అంటే, సగంలో ఉన్న మంచి పనులూ రద్దయిపోతాయి!

అందుకే 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో 'అప్లికేషన్ నేమ్' అనే సెట్టింగు ఉంది. కనెక్షన్ వివరాలు రాసే చోటే 'బిల్లింగ్', 'నెలవారీ రిపోర్టు' అంటూ ప్రోగ్రాము పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఇస్తే చాలు. 63 అక్షరాలు మించకూడదు. ఇక పట్టికలో ఆ పేరే కనిపిస్తుంది. లాగ్ ఫైలులోనూ ప్రతి వరుస ముందు ఆ పేరు పడేలా చేసుకోవచ్చు. తప్పు చేస్తున్న ప్రోగ్రాము కనెక్షన్లను మాత్రమే తెంచేస్తే మిగతా పనులు సాఫీగా సాగిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కనెక్షన్‌లోనూ ఇదే పేరుతో ఈ సదుపాయం ఉంది.

ఒక్క జాగ్రత్త... ఇది గుర్తు మాత్రమే, తాళం కాదు. ఏ ప్రోగ్రామైనా ఏ పేరైనా చెప్పుకోవచ్చు. కాబట్టి పాస్‌వర్డు పని పాస్‌వర్డుదే.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నారా? 'మీ కనెక్షన్‌కి పేరు పెట్టారా?' అని ఓసారి అడిగి చూడండి. గిన్నె తప్పిపోయాక పేరు కొట్టించలేం కదా!