నిండని వాషింగ్ మెషీన్, ఆగని సైఫన్

వాషింగ్ మెషీన్‌లోకి నీరు పడుతూనే ఉంటుంది గానీ తొట్టి ఎంతకీ నిండదు, బట్టలు తిరగడం మొదలవదు, చివరికి యంత్రం లోపం ఉన్నట్టు సంకేతం చూపి ఆగిపోతుంది. ఇలా ఎందుకు జరుగుతుందని పాఠకులు తరచుగా అడుగుతుంటారు. ఇన్‌లెట్ వాల్వు చెడిందన్నది దీనికి సాధారణంగా వినిపించే జవాబు. వాల్వు మార్చిన తరువాత కూడా అదే పరిస్థితి కొనసాగిన ఇళ్లలో అసలు కారణం యంత్రం లోపల కాక, దాని వెనుక వేలాడే మురుగునీటి గొట్టంలో ఉండవచ్చు.

నీరు లోపలికి రావడం, ఆగడం క్లుప్తంగా చెప్పుకోదగిన సంగతులే. విద్యుత్తు అందగానే సోలెనాయిడ్ అనే తీగచుట్ట వాల్వులోని సన్నని రంధ్రాన్ని తెరుస్తుంది, ఆపై కుళాయి నీటి ఒత్తిడే రబ్బరు పొరను పైకి నెట్టి దారి చేసుకుంటుంది. ఇందుకు చాలా యంత్రాలకు 0.3 బార్, అంటే దాదాపు 3 మీటర్ల ఎత్తున ఉన్న నీటి ఒత్తిడి కావాలి కనుక, మేడ మీది ట్యాంకుకు సరిగ్గా కింది అంతస్తులో ఉన్న యంత్రం నెమ్మదిగా నిండడంలో ఆశ్చర్యం లేదు. బోరు నీటిలోని ఇసుక, సున్నపు పొర వాల్వు ముందున్న జల్లెడను మూసివేస్తే వేగం మరింత తగ్గుతుంది. తొట్టి అడుగు నుంచి పైకి వెళ్లే సన్నని గొట్టంలో చిక్కుకున్న గాలి, నీటి మట్టం పెరిగే కొద్దీ నొక్కుకుపోయి ప్రెజర్ స్విచ్‌కు ఆ సంగతి తెలియజేస్తుంది. 20 సెంటీమీటర్ల నీటికి ఆ పీడనం సుమారు 2 కిలోపాస్కల్‌లు. అంత పీడనం చేరేవరకు వాల్వు మూసుకోదు. అందువల్ల వచ్చిన నీరు వచ్చినట్టే బయటికి పోతుంటే, వాల్వు చక్కగా పనిచేస్తున్నా యంత్రం నిండదు.

నీరు అలా పోవడానికి దారి సులువుగానే దొరుకుతుంది. ముందు తలుపు ఉండే యంత్రాల్లో నీటిని తోడే పంపులో సాధారణంగా మూతపడే కవాటం ఉండదు. ఆగి ఉన్న పంపు రెక్కల మధ్య నుంచి నీరు అడ్డు లేకుండా సాగిపోతుంది. గొట్టం మొత్తం నేల మీద పడి ఉంటే అది కేవలం పల్లానికి పారడమే. గొట్టం యంత్రం వెనుక పైకెక్కి, వంపు తిరిగి, దాని కొస మురుగు పైపులో లోతుగా, గాలి చొరనంత బిగువుగా దిగి ఉన్నప్పుడు మాత్రం సైఫన్ ఏర్పడే వీలుంది: పంపు ఒకసారి నీటిని వంపు దాటించిన తరువాత, గొట్టంలోని నీటి స్తంభం తెగనంతకాలం, పంపు ఆగినా ప్రవాహం ఆగదు. డ్రమ్ములోని డీజిల్‌ను గొట్టంతో తీసేవారు నోటితో ఒక్కసారి పీల్చి వదిలేయడంలో ఉన్నది కూడా ఇదే సూత్రం.

నీరు పైకెక్కి మరీ దిగడానికి కారణమేమిటన్న ప్రశ్న పెద్ద పెద్దవారినే తికమకపెట్టింది. వాతావరణ పీడనమే నీటిని నెడుతుందని ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1911 నుంచి చెబుతూ వచ్చింది. క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే స్టీఫెన్ హ్యూస్ 2010లో ఆ వివరణ తప్పని ఎత్తిచూపేవరకు 99 ఏళ్లపాటు అది చెక్కుచెదరలేదు. గొట్టం రెండు కొసల మీదా గాలి పీడనం దాదాపు సమానమే కాబట్టి అది ఏదో ఒక వైపుకే నీటిని నడపలేదు. నడిపించేది గురుత్వాకర్షణ, అంటే తొట్టిలోని నీటి మట్టానికీ బయటి కొసకూ మధ్య ఉన్న ఎత్తు తేడా. అలాగని గాలికి పాత్రే లేదనడం కూడా పొరపాటే. మామూలు పరిస్థితుల్లో నీటిని వంపు దాకా ఎక్కించి, స్తంభాన్ని తెగకుండా నిలిపేది గాలి పీడనమే, సాధారణ సైఫన్ వంపు 10 మీటర్ల ఎత్తు దాటలేకపోవడానికి కారణం కూడా అదే. అయితే నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఆవిరి కాని ఒక అయానిక ద్రవంతో శూన్యంలో సైతం సైఫన్‌ను నడిపి, అణువుల మధ్య ఆకర్షణ ఒక్కటే ఆ స్తంభాన్ని పట్టి ఉంచగలదని చూపడం ఈ చర్చలో అత్యంత అందమైన ఘట్టం.

మరో అపోహ బయటివైపు నీటి బరువు ఎక్కువ కనుక అది లోపలి నీటిని లాగుతుందన్నది. ఎక్కే భాగం లావుగా, దిగే భాగం సన్నగా ఉండి, ఎక్కే వైపునే ఎక్కువ బరువున్న నీరు ఉన్నా, బయటి కొస కిందికి ఉంటే సైఫన్ నడుస్తుంది. లెక్కకు వచ్చేది ఎత్తే గాని బరువు కాదు.

ఆ ఎత్తు ఎంత తక్కువైనా ఫలితం చిన్నది కాదు. తేడా 30 సెంటీమీటర్లు, గొట్టం లోపలి వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుంటే, రాపిడిని వదిలేసి వేసిన లెక్కలో నీటి వేగం సెకనుకు 2.4 మీటర్లు, ప్రవాహం నిమిషానికి 45 లీటర్లు; రాపిడి వల్ల అందులో సగం తగ్గినా, నిమిషానికి 10 లీటర్లు ఇచ్చే కుళాయి దానితో పోటీపడలేదు.

నిర్ధారణకు సాధనాలేవీ అవసరం లేదు. యంత్రం నింపుకుంటున్నప్పుడు విద్యుత్తు ఆపినా నీరు లోపలికి వస్తూనే ఉంటే వాల్వులో చెత్త ఇరుక్కుంది. నీరు రావడం ఆగి, లోపలి మట్టం మాత్రం పడిపోతుంటే తప్పు గొట్టానిది. పైన మూత ఉండే అనేక యంత్రాల్లో పంపు ఉండక, నీరు కవాటం తెరుచుకుని నేల మీది గొట్టం గుండా పల్లానికే పోతుంది. అక్కడ మట్టం పడిపోతే కవాటంలో గుండీయో పీచో అడ్డుపడిందని భావించాలి.

గొట్టం ఎంత ఎత్తున ఉండాలో ప్రతి యంత్రంతో వచ్చే పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెబుతారు. ముందు తలుపు యంత్రాలకు అది సాధారణంగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్లు. ఆ బొమ్మను పట్టించుకోకుండా వాష్ ఏరియాలో మురుగు రంధ్రాన్ని నేల మట్టానికే వదిలేసే నిర్మాణ పద్ధతి మారాలి. ఇల్లు కట్టేటప్పుడే గోడకు ఆనించి తగిన ఎత్తులో నిలువు పైపు పెట్టించి, గొట్టం చుట్టూ గాలి ఆడే ఖాళీ ఉంచితే సైఫన్‌కు తావుండదు.