డెబ్భై దాటితే ఆదాయం అడగరు!

చంద్రశేఖరపురంలో పెద్దవాళ్లకు గుండెపోటు వచ్చినా, తుంటి ఎముక విరిగినా కనిగిరి పరుగెత్తాలి. అక్కడా కుదరకపోతే ఒంగోలు. బండి, డబ్బు, తోడు వచ్చే మనిషి... ఈ హడావుడిలో కార్డు సంగతి ఆసుపత్రి కౌంటరు దగ్గరే గుర్తొస్తుంది. ‘మాకు తెల్లకార్డు లేదు, మాకేం రాదు’ అనుకునే మధ్యతరగతి ఇళ్లలో బంగారం తాకట్టుకు వెళ్లేదీ అప్పుడే. నిజానికి అలాంటి ఇళ్లలోనూ అర్హులు ఉంటారు.

వయసే అర్హత

కేంద్రం 2018లో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రారంభించింది. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, దీన్ని వర్తింపజేసింది. వీరికిచ్చేది ‘ఆయుష్మాన్ వయ వందన’ కార్డు. దీనిపై ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం ఉచితం. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ మొత్తం ఇద్దరికీ కలిపి ఉంటుంది. బీపీ, షుగరు ముందునుంచే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ ఉన్నవారూ తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్‌లో ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

హైదరాబాదులోనో, బెంగళూరులోనో పిల్లల దగ్గర ఉన్నా, అక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఈ కార్డు పనిచేస్తుంది. అయితే ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. రోజూ వేసుకునే మాత్రలకు, ఓపీ ఖర్చులకు కాదు.

ముందు ఆధార్ చూడండి

నమోదుకు ఆధారే ఆధారం. అందులో పుట్టిన తేదీ తప్పుగా ఉండి వయసు తక్కువ చూపిస్తే కార్డు రాదు. ఫోన్ నంబరు అనుసంధానమైందో లేదో కూడా చూసుకోండి. పొలం పనులతో వేలిముద్రలు అరిగిపోయినవారికి ఓటీపీ, ముఖ గుర్తింపు పద్ధతులు ఉన్నాయి. ‘ఆయుష్మాన్’ యాప్‌లో ఇంటి నుంచే నమోదు చేయొచ్చు. రాకపోతే నెట్‌వర్క్ ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌ను అడగండి. సందేహాలకు 14555కు ఫోన్ చేయొచ్చు.

డెబ్భై లోపు వారికి?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే నేటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. దీనికి కుటుంబ వార్షికాదాయ పరిమితి రూ.5 లక్షలు. అంటే చిన్న ఉద్యోగాలు, చిన్న దుకాణాలున్న ఇళ్లకూ అవకాశం ఉంటుంది. వివరాలకు 104కు ఫోన్ చేయండి, లేదా గ్రామ సచివాలయంలో కనుక్కోండి.

ఆదాయం అంతకు మించితే ప్రైవేటు పాలసీ గురించి ఆలోచించవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. కొత్త పాలసీలో సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకే రక్షణ. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. ప్రీమియం పెరుగుతుందని షుగరు దాచిపెడితే క్లెయిము తిరస్కరించే ప్రమాదం ఉంది. పాలసీ చేతికొచ్చాక చదివి, నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఈ వారమే చేయండి

• అమ్మానాన్నల, అత్తమామల ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచూడండి.
• 70 నిండినవారికి వెంటనే నమోదు చేయించండి.
• కార్డు ఫొటోను ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.
• దగ్గర్లోని నెట్‌వర్క్ ఆసుపత్రులేవో, వాటిలో గుండె, ఎముకల వైద్యం ఎక్కడుందో రాసిపెట్టుకోండి.