రిట్రీట్‌కు బయలుదేరే ముందు

సంఘ సేవకులు, బడి ఉపాధ్యాయులు కలిసి రిట్రీట్‌కు వెళ్దామనగానే మన ప్రాంతంలో ముందు గుర్తొచ్చేది పాపికొండలే. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి ఎందరో చనిపోయారు. అందుకే వరద రోజులు వదిలి, సంక్రాంతి తరువాత పెట్టుకోమని మేము చెబుతాము. పడవ దిగేవరకు లైఫ్ జాకెట్ విప్పకండి.

బీపీ, షుగరు ఉన్నవారు మాత్రలు రెండు రోజులకు ఎక్కువే తెచ్చుకోవాలి. కూడిక ఆలస్యమైనా, ఇన్సులిన్ వేసుకునేవారికి వేళకు భోజనం పెట్టండి. వారికి వణుకు, చెమటలు వస్తే, స్పృహలో ఉన్నంతవరకు వెంటనే పంచదార నీళ్లు తాగించండి.

భోజనానికైనా తీరికలేని శిష్యులను ప్రభువు విశ్రాంతికి పిలిచినట్లు మార్కు సువార్త 6వ అధ్యాయంలో చూస్తాము. కాబట్టి రోజంతా ప్రసంగాలతో నింపక, మధ్యాహ్నం గంటసేపు అందరినీ పడుకోనివ్వండి.